టెక్ సందేహాలు: ట్యూబు మార్చే ముందు టైరు లోపల వెతకండి

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు వచ్చే వారం చూద్దాం. ఈసారి మెయిల్ తెరిస్తే వరసగా సైకిల్ పంచర్లే. వానలు వెనక్కి తగ్గాయి, పొద్దున్నే చల్లగా ఉంటోంది, అందరూ సైకిళ్లు బయటికి తీశారు. చెరువు కట్టల మీద పల్లేరు ఎండి రాలేది కూడా సరిగ్గా ఇప్పుడే.

"సార్, మాది హన్మకొండ. ఆర్నెల్ల కింద 27.5 సైజు ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొన్న. రోజూ ధర్మసాగర్ దాకా పోయొస్త. ఈ నెలలోనే ఐదు పంచర్లు, అన్నీ వెనక టైరే. షాపాయన రెండుసార్లు కొత్త ట్యూబు వేసిండు. ఇప్పుడు పంచర్ ప్రూఫ్ టైరు కొనుక్కో అంటుండు. కొనాల్నా?"

ఇప్పుడే కొనకండి. ఐదుసార్లూ వెనక టైరే పోయిందంటే నా అనుమానం దారి మీద కాదు, టైరు లోపల మిగిలిపోయిన ముల్లు మీద. తుమ్మ ముల్లు టైరులో దిగాక బయటి భాగం రోడ్డుకు రాసుకుని విరిగిపోతుంది, మొన మాత్రం రబ్బరు మందంలోనే ఉండిపోతుంది. బయటి నుంచి చూస్తే చిన్న నల్ల చుక్క, అంతే. గాలి నింపి మనిషి ఎక్కి కూర్చున్నాక టైరు నేలకు ఒత్తుకున్న ప్రతిసారీ ఆ మొన కాస్త లోపలికి పొడుచుకొస్తుంది, కొత్త ట్యూబు అయినా సరే అదే చోట గుచ్చుతుంది.

రెండేళ్ల కింద వడ్డేపల్లి చెరువు వైపు తిరిగే రోజుల్లో నాకూ ఇదే అయింది. వారంలో మూడు పంచర్లు. షాపులో ట్యూబుకు ప్యాచ్ వేశారు, ఇంకోసారి ట్యూబే మార్చారు, టైరు లోపల మాత్రం ఎవరూ చూడలేదు. చివరికి ఇంట్లోనే టైరు విప్పి, ట్యూబ్‌లైట్ కింద కూర్చుని, పాత బనీను గుడ్డతో లోపలి వైపంతా మెల్లగా తుడుచుకుంటూ పోయాను. ఒక చోట గుడ్డ పోగు పట్టుకుంది. అక్కడ టైరును వెనక్కి వంచితే కనబడింది, గోధుమ రంగు మొన, బియ్యపు గింజ కొనంత. బయటి నుంచి సూదితో నెట్టి, లోపలి నుంచి ట్వీజర్‌తో పట్టి లాగితే వచ్చింది అర సెంటీమీటరు కూడా లేదు. ఆ తర్వాత అదే టైరు మీద నాలుగు నెలలు ఒక్క పంచరూ లేకుండా తిరిగాను.

మీరూ అదే చేయండి, కానీ గుడ్డతోనే, వేలితో వద్దు. కరీంనగర్ రోడ్డులాంటి లారీలు ఎక్కువ తిరిగే చోట్ల, పేలిన లారీ టైర్ల నుంచి వెంట్రుకంత సన్నటి స్టీలు తీగలు రోడ్డు మీద పడి ఉంటాయి. అవి టైరులో దిగితే కంటికి కనబడవు, వేలికి మాత్రం లోతుగా గుచ్చుకుంటాయి.

ఇంకో చిన్న అలవాటు చేసుకుంటే వెతికే పని సగం తగ్గుతుంది. టైరు ఎక్కించేటప్పుడు దాని మీద కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టండి. పంచరయ్యాక ట్యూబులో గాలి నింపి నీళ్ల బకెట్‌లో ముంచి రంధ్రం పట్టుకుంటాం కదా, అది వాల్వు నుంచి ఎన్ని జానలు ఉందో చూసి టైరు మీద అంతే దూరం కొలిస్తే ముల్లు అక్కడే ఉంటుంది. ట్యూబు ఏ వైపుదో తెలియకపోతే వాల్వుకు రెండు వైపులా చూడండి.

రంధ్రం ఎలా ఉందో కూడా తప్పకుండా చూడండి, ఎందుకంటే కారణం అక్కడే తెలిసిపోతుంది. ట్యూబు బయటి వైపు సూది మొనంత రంధ్రం ఉంటే ముల్లో తీగో. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు, పాము కాటులాగా ఉంటే అది ముల్లు పని కానే కాదు, గాలి తక్కువై రాయి అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగింది. లోపలి వైపు, అంటే రిమ్ము వైపు రంధ్రం ఉంటే చక్రం పుల్లల (స్పోకుల) తలల మీద ఉండే రిమ్ టేపు జరిగిపోయిందో చిరిగిందో చూసి మార్చండి. ఈ చివరి రెండింటికీ మీ షాపాయన చెప్పిన ఖరీదైన టైరు ఏమీ చేయలేదు.

గాలి సంగతి. 2.1 అంగుళాల టైరు, లోపల ట్యూబు, 70 కిలోల మనిషి అయితే ముందు 32, వెనక 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టమని చెబుతాను. టైరు పక్క గోడ మీద ముద్రించిన కనిష్ఠ, గరిష్ఠ అంకెలు మాత్రం దాటొద్దు. బొటనవేలితో నొక్కి చూసి సరిపోయింది అనుకోవద్దు, పాతికకూ నలభైకీ తేడా వేలికి తెలియదు. గేజీ ఉన్న ఫ్లోర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకుని వారానికోసారి చూడండి, ఏ ముల్లూ దిగకపోయినా రబ్బరు ట్యూబు నుంచి గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది.

టైరు విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ వాడనివ్వకండి. షాపులో కొత్త ట్యూబు వేయించుకుని ఇంటికొచ్చేసరికి మళ్లీ గాలి దిగిందంటే చాలాసార్లు స్క్రూడ్రైవర్ మొన గిల్లిన చోటే కారణం. ప్లాస్టిక్ టైర్ లీవర్లు రెండు చాలు.

ఇవన్నీ చూశాక కూడా ముళ్లే కారణమని తేలి, టైరు గుబ్బలు అరిగిపోయి ఉంటే అప్పుడు మంచి టైరు కొనండి. అరిగిన టైరులో ముల్లుకు, ట్యూబుకు మధ్య అడ్డం పెద్దగా ఏమీ మిగలదు.

"జగిత్యాల నుంచి. సీలెంట్ పోయించాలా, ట్యూబ్‌లెస్ చేయించాలా, లోపల ప్లాస్టిక్ పట్టీ వేయించాలా? మా పొలం దారి అంతా పల్లేరే."

పల్లేరు కాయ గురించి ఒక మాట. అమెరికాలో ఎడారి ప్రాంతాల సైకిలిస్టులు గోట్‌హెడ్ అని భయపడేది ఇదే కాయకు, మొక్క పేరు ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. ఎండాక ముక్కలుగా విడిపోతుంది, ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. ఒక్కసారి కట్ట దిగితే టైరుకు పది అంటుకుంటాయి. కాబట్టి మీకు సీలెంట్, అంటే ట్యూబులో పోసే ద్రవం, సరైన మందు. ఇవి చేసేవి సన్నటి రంధ్రాలు, వాటిని సీలెంట్ చక్రం తిరుగుతుండగానే పూడ్చేస్తుంది. పాము కాటు చీలికను మాత్రం పూడ్చలేదు.

మీ ట్యూబు వాల్వు మోటార్‌సైకిల్ వాల్వులా లావుగా ఉంటే లోపలి పిన్ను చిన్న కీతో విప్పి సీలెంట్ పోయవచ్చు. ఎంత పోయాలో సీసా మీద టైరు సైజును బట్టి ఉంటుంది. పోశాక గాలి కొట్టేటప్పుడు వాల్వును పైకి పెట్టి రెండు నిమిషాలు ఆగండి, ద్రవం కిందికి దిగుతుంది, లేకపోతే వాల్వులోనే గడ్డకడుతుంది. లేటెక్స్ రకం అయితే మన ఎండలకు కొన్ని నెలల్లోనే ఎండిపోతుంది, వేసవి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసుకోండి.

టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీ కూడా పనిచేస్తుంది, కానీ దాని కొసలు ట్యూబును కోస్తాయి. ఉప్పు కాగితంతో కొసలు గుండ్రంగా అరగదీసి, మీద టేపు చుట్టి వేయించండి. పాత ట్యూబు కోసి పట్టీలా వేసేది మన దగ్గర మామూలే, చిన్న ముళ్లకు కొంత ఆగుతుంది, పొడుగు తుమ్మ ముల్లుకు నమ్మలేం.

ట్యూబ్‌లెస్ అన్నిటికంటే మంచిది. నలిగే ట్యూబే ఉండదు, గాలి తక్కువ పెట్టుకోవచ్చు, రాళ్ల మీద పట్టు బాగుంటుంది. కానీ రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్ రెడీ అయి ఉండాలి. తక్కువ ధర సైకిళ్లకు చాలావరకు అలాంటి రిమ్ములు రావు, వాటి మీద టేపు చుట్టి ప్రయోగాలు చేయొద్దు, గుట్ట దిగేటప్పుడు టైరు రిమ్ము వదిలేస్తే మీద పడేది మీరే.

"మంచిర్యాల. ఎండకు టైరు పేలుతుందని మా నాన్న గాలి తగ్గించమంటాడు. నిజమేనా తమ్ముడూ?"

నాన్నగారి భయం అర్థమవుతుంది అన్నా, కానీ లెక్క వేరు. 25 డిగ్రీల దగ్గర 35 పీఎస్ఐ కొట్టిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే పెరిగేది మూడు పీఎస్ఐ చిల్లర. 60 డిగ్రీలకు వెళ్లినా ఆరు లోపే. టైరు గరిష్ఠ అంకె ఇంకా పైనే ఉంటుంది. ఆ భయంతో ఇరవైకి తగ్గించి రాయి ఎక్కిస్తే మాత్రం పాము కాటు ఖాయం. ఎండ చేసే అసలు నష్టం రబ్బరుకు, కాబట్టి సైకిల్‌ను నీడన పెట్టించండి చాలు.

"బ్యాటరీ మీద నడిచే చిన్న ఎయిర్ పంపు కొందామనుకుంటున్నా. 150 పీఎస్ఐ అని రాసి ఉంది. మంచిదేనా? కాజీపేట."

150 మీకు అక్కర్లేదు, ఆ అంకె చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి. చూడాల్సినవి మూడు. ముందే పెట్టిన ప్రెషర్ దగ్గర దానంతట అదే ఆగాలి. గట్టి గొట్టానికి బదులు వంగే చిన్న పైపు ఉండాలి, లేకపోతే పుల్లల మధ్య వాల్వు వంగుతుంది. టైప్-సీ చార్జింగ్ ఉంటే ఫోన్ చార్జరే సరిపోతుంది. మీ వాల్వు సన్నటి ప్రెస్టా రకమైతే పైనున్న చిన్న నట్టు వదులు చేసి, ఇత్తడి అడాప్టర్ తగిలించి కొట్టాలి. ఆన్ చేసే ముందు తెర మీద యూనిట్ పీఎస్ఐయేనా, బార్ అనే ఇంకో కొలతలో ఉందా చూసుకోండి. వరసగా రెండు టైర్లు నింపితే పంపు బాగా వేడెక్కుతుంది, మధ్యలో కాసేపు ఆపండి. బ్యాటరీ అయిపోతే ఏం చేస్తారు? అందుకే నా బ్యాగులో చేతి పంపు, ఒక ట్యూబు ఎప్పుడూ ఉంటాయి.

"ములుగు నుంచి. రామప్ప, లక్నవరం వైపు పోతుంటే మ్యాప్స్ పొలాల గట్ల మీదికి తీసుకుపోతోంది. ముళ్ల దారి ముందే తెలిసే యాప్ ఉందా?"

ముళ్లు చూపించే యాప్ లేదు. కొమూట్ అనే సైకిల్ దారుల యాప్‌లో దారి పెట్టుకుంటే ఎంత దూరం తారు రోడ్డు, ఎంత మట్టి దారి అని విడదీసి చూపిస్తుంది, అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, అందరూ కలిసి తయారుచేసే మ్యాప్ సమాచారం మీద నడుస్తుంది, అందులో మన ఊరి దారుల వివరాలు మనమే చేర్చవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో అయితే బయలుదేరే ముందు శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి, సిగ్నల్ పోయే చోట్ల కోసం ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. నేను ఇంకోటి చేస్తాను. రైతులు చేను చుట్టూ తుమ్మ కంప, రేగు కంప వేసిన చోటల్లా పిన్ను పెట్టి సేవ్ చేసుకుంటాను. కంప కొత్తగా కొట్టిన వారం ఆ దారిలో సైకిల్ దిగి, చేత్తో ఎత్తి దాటిస్తాను.