అమ్మ చికిత్స నిర్ణయం ఎవరిది?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ తొలిదశలో ఉందని తేలింది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వొచ్చు, లేదా రొమ్ము మొత్తం తీసేయొచ్చు, ఏదో ఒకటి తేల్చుకుని రమ్మన్నారు. ఆపరేషన్ తర్వాత కీమో కూడా ఉంటుందట. మొత్తం తీసేయిస్తేనే నయమని మా ఉద్దేశం. అమ్మేమో ‘మీ ఇష్టం’ అంటోంది. ఏం చేయాలి?

జవాబు: రొమ్ము మొత్తం తీసేస్తే ఎక్కువ కాలం బతుకుతారని చాలామంది నమ్ముతారు. తొలిదశ క్యాన్సర్‌లో అలా ఏమీ లేదు. ఇటలీ, అమెరికాల్లో రోగులను 20 ఏళ్లు గమనించి 2002లో ప్రచురించిన రెండు అధ్యయనాల్లో, ఎలా చేసినా ఆయుష్షులో తేడా కనిపించలేదు. గడ్డ వరకే తీస్తే అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టే అవకాశం కాస్త ఎక్కువ. రేడియేషన్ తప్పకుండా తీసుకోమనేది అందుకే. ఆ ప్రాంతంలో గతంలో రేడియేషన్ తీసుకున్నవారికి, రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నవారికి గడ్డ వరకే తీయడం కుదరకపోవచ్చు.

మీ అమ్మగారికి రెండూ కుదురుతాయన్నారు కాబట్టి ఆమె మనసులో ఏముందో తెలియాలి. ‘మీ ఇష్టం’ అనే మాట వెనక చాలాసార్లు భయమో, పిల్లలకు భారమవుతానన్న బెంగో ఉంటుంది. ‘ఏది తలచుకుంటే నీకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది?’ అని అడగండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి. అన్నీ విన్నాక కూడా నిర్ణయం మీకే వదిలేస్తే, అదీ ఆమె ఇష్టమే. ఈసారి డాక్టర్ దగ్గరకు ఆమెను తప్పకుండా తీసుకెళ్లండి, ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోండి. ఆలోచించుకోవడానికి ఎన్ని రోజులు ఆగొచ్చో కూడా అడగండి. రొమ్ము క్యాన్సర్‌లో కొద్దిరోజులు ఆగితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. సెకండ్ ఒపీనియన్ తీసుకోవడానికి మొహమాటపడొద్దు.

కీమో మొదలయ్యాక ఇంట్లో థర్మామీటర్ తప్పనిసరి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మందు ఎక్కించిన తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరిగిపోతుంది.

నోరు పూస్తే మెత్తటి బ్రష్ వాడి, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించాలి. నీరసంగా ఉన్నా రోజూ కాసేపు నడిస్తే అలసట తగ్గుతుంది. ఎవరైనా మూలికా మందులు సూచిస్తే, ఆంకాలజిస్టుకు చూపించకుండా వాడొద్దు. వాటిలో కొన్ని, కీమో పనితీరును దెబ్బతీస్తాయి.

కీమో మొదలుపెట్టే ముందే, రాత్రిపూట అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆసుపత్రిలో అడిగి ఆ నంబర్ ఇంట్లో అందరూ దగ్గర ఉంచుకోండి.