షాపులో బిల్లింగ్ ఆపేసిన కొడుకుని సైబర్ సెక్యూరిటీలోకి పంపొచ్చా?

జగిత్యాల దగ్గర నుంచి ఒకాయన అడిగారు. ఎరువులు, విత్తనాల షాపు, రెండు కంప్యూటర్లు, బిల్లింగ్ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, యాంటీవైరస్ మూడేళ్లకి కొన్నదే ఉంది. బీటెక్ సీఎస్ఈ రెండో ఏడు చదివే బాబు సెలవులకొచ్చి, యాంటీవైరస్ ఒక్కటే ఉంటే చాలదు నాన్నా ఫైర్‌వాల్ కూడా ఉండాలి అని నెట్‌లో దొరికిన ఫ్రీది ఒకటి మెయిన్ కంప్యూటర్‌లో వేశాడట, ఇంకేముంది, రెండో దాంట్లో టాలీ తెరుచుకోలేదు, వానాకాలం సీజన్‌లో సగం రోజు చేత్తో బిల్లులు రాసుకున్నారట. ఇప్పుడు ఆయన అడిగేవి రెండు: ఏ ఫైర్‌వాల్ కొనాలి, సైబర్ సెక్యూరిటీ చేస్తా అంటున్న వీణ్ణి నమ్మొచ్చా.

అన్నా, మొదటిది ముందు తేల్చేద్దాం, డబ్బులు మిగిలే సంగతి కదా. ఏమీ కొనకండి. విండోస్‌తో పాటు వచ్చే ఫైర్‌వాల్ మీ షాపుకి చాలు. మీ భాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్ షట్టర్ లాంటిది, ఎవరు లోపలికి రావొచ్చో, ఎవర్ని ఆపాలో అదే చూస్తుంది, కానీ వచ్చిన బస్తాలో నకిలీ విత్తనం ఉందా అని అది చూడదు, అది చూసేది యాంటీవైరస్. అందుకే రెండూ కావాలన్న మీవాడి మాట కరెక్టే. వాడు మర్చిపోయింది ఏంటంటే షాపుకి షట్టర్ అప్పటికే ఉంది, దాని ముందు ఇంకోటి బిగించాడు, తాళాలు ఎవరి దగ్గరున్నాయో ఎవరికీ తెలీలేదు.

ఒకసారి మీ యాంటీవైరస్ ప్యాక్ పేరు చూడండి. ఉత్త యాంటీవైరస్ అయితే మామూలుగా విండోస్ ఫైర్‌వాల్ జోలికి పోదు. ఇంటర్నెట్ సెక్యూరిటీ, టోటల్ సెక్యూరిటీ అని ఉందంటే చాలావరకు దాని సొంత ఫైర్‌వాల్ కూడా లోపలే వస్తుంది, అప్పుడు విండోస్‌ది పక్కకి తప్పుకుంటుంది. ఏది పనిలో ఉందో విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ అని ఉంటుంది, అక్కడ కనిపిస్తుంది. ఫైర్‌వాల్ ఒకటే ఆన్‌లో ఉండాలి, యాంటీవైరస్ కూడా ఒకటే. ఫ్రీ ఫైర్‌వాల్స్‌తో ఇంకో తలనొప్పి ఏంటంటే ప్రతి ప్రోగ్రామ్‌కీ అనుమతి ఇవ్వాలా అని అడుగుతూనే ఉంటాయి, పదోసారికి కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు ఏం అడిగిందో చదవకుండానే ఎస్ కొట్టేస్తాడు, ఇక అది ఉండీ లేనట్టే.

మీ టాలీ ఆగింది కూడా ఇందుకే అయ్యుండాలి. మల్టీయూజర్ లైసెన్స్ (ఒకే టాలీని ఒకటికి మించి కంప్యూటర్లలో వాడేది) అయితే రెండో కంప్యూటర్ మెయిన్ దాన్ని మామూలుగా 9999 పోర్టులో అడుగుతుంది, పోర్టు అంటే కంప్యూటర్‌కి నంబర్ వేసిన తలుపు లాంటిది, డేటా ఫోల్డర్ షేరింగ్ 445లో నడుస్తుంది. కొత్త ఫైర్‌వాల్ మీ షాపు వైఫైని బస్టాండ్ వైఫై లెక్కన చూసి రెండూ మూసేసి ఉంటుంది. దాన్ని తీసేసి, రీస్టార్ట్ చేసి, విండోస్‌లో షాపు నెట్‌వర్క్‌ని ప్రైవేట్ అని పెట్టి, టాలీకి మాత్రం అనుమతి ఇవ్వండి. కొందరు రిపేర్ వాళ్లు ఏం చేస్తారంటే బిల్లింగ్ ఆగింది అనగానే ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేసి ఐదొందలు తీసుకుని వెళ్లిపోతారు, అలా మాత్రం చేయనివ్వకండి. అలాగే రైతులు అడిగారని మెయిన్ వైఫై పాస్‌వర్డ్ ఇవ్వొద్దు, రౌటర్‌లో గెస్ట్ వైఫై వేరే పెట్టొచ్చు. విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఫైర్‌వాల్ కన్నా ముందు దాని సంగతి చూడండి.

షట్టర్ ఎందుకంత ముఖ్యమో నేను 2003 ఆగస్టులో చూశాను. అప్పుడు అమీర్‌పేటలో చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకునేవాణ్ణి, బ్లాస్టర్ అనే వార్మ్, అంటే ఒక రకం వైరస్, వచ్చింది, 60 సెకన్లలో షట్‌డౌన్ అని స్క్రీన్ మీద లెక్క మొదలయ్యేది. ఫార్మాట్ చేసి నెట్ కేబుల్ పెట్టి ప్యాచ్, అంటే దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్, దించుకునే లోపే మళ్లీ అంటుకునేది, ఎందుకంటే అది 135 పోర్టులోంచి తనంతట తానే వచ్చేది, ఎవరూ ఏ ఫైలూ తెరవక్కర్లేదు. అప్పటి విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది కానీ మామూలుగా ఆఫ్‌లో ఉండేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే డిఫాల్ట్‌గా ఆన్ అయింది. 2017 మేలో వాన్నాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వార్మ్ కూడా ఇలాగే 445 నుంచి పాకింది. మీ షాపులో ఫైల్ షేరింగ్ కోసం తెరిచి ఉండేది కూడా ఆ 445నే, అందుకే విండోస్ అప్‌డేట్స్ ఆపొద్దంటున్నా.

ఇక మీవాడి సంగతి. కోపం తగ్గించుకోండి అన్నా, వాడికి వచ్చిన ఆలోచన మంచిదే, వాడు తప్పు చేసింది టైమింగ్‌లో. కంపెనీల్లో ఫైర్‌వాల్‌లో ఒక్క రూల్ మార్చాలన్నా చేంజ్ రిక్వెస్ట్, అంటే ఏం మారుస్తామో రాసి అనుమతి, అడగాలి, పై వాళ్లు ఒప్పుకోవాలి, రాత్రి టైమ్‌లోనో శని ఆదివారాల్లోనో చేయాలి, తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్లాలో ముందే రాసి ఉండాలి. మీవాడు పట్టపగలు, సీజన్‌లో, ఎవరికీ చెప్పకుండా చేశాడు. ఇది నేర్పేవాళ్లు కాలేజీలో తక్కువ, ఉద్యోగంలో మాత్రం మొదటి నెలలోనే తిట్లతో నేర్పిస్తారు.

నమ్మొచ్చా అని అడిగారు కాబట్టి, ఈ పనిని మళ్లీ వాడితోనే చేయించండి. ఆదివారం షాపు కట్టేశాక. ముందు టాలీ డేటా బ్యాకప్ హార్డ్‌డిస్క్‌లోకి తీసి ఆ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టమనండి, తర్వాత ఏం మారుస్తాడో, ఏ పోర్టు ఎందుకు తెరుస్తాడో, చెడిపోతే ఏం చేస్తాడో ఒక కాగితం మీద రాయమనండి. ఓపిగ్గా రాశాడంటే ఈ ఫీల్డ్ వాడికి పడుతుంది. ఎందుకు నాన్నా ఇదంతా అని విసుక్కుంటే డెవలప్‌మెంట్ వైపు వెళ్లినా నష్టం లేదు, వాణ్ణి తక్కువ చేసినట్టు కాదు.

కోర్సుల విషయానికొస్తే ఎథికల్ హ్యాకింగ్, వంద శాతం ప్లేస్‌మెంట్ అని లక్ష అడిగే చోటికి ఇప్పుడే వద్దు. ముందు నెట్‌వర్కింగ్, అంటే సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) సిలబస్, కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి నేర్చుకునే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఫ్రీగానే దొరుకుతుంది, నెట్‌వర్క్‌లో ఏం వెళ్తోందో చూపించే వైర్‌షార్క్ కూడా ఫ్రీ. పాత కంప్యూటర్‌కి ఇంకో ల్యాన్ కార్డు వేసి ఓపీఎన్‌సెన్స్ అనే ఫ్రీ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఇంట్లోనే అసలైన ఫైర్‌వాల్ మీద చేయి తిరుగుతుంది, షాపు జోలికి రాకుండా. ఫైర్‌వాల్స్ తయారు చేసే ఫోర్టినెట్ వాళ్లు కూడా ఫ్రీ ఆన్‌లైన్ ట్రైనింగ్ ఇస్తారు. మొదటి ఉద్యోగం చాలామందికి ఎస్ఓసీలో, అంటే కంపెనీల భద్రతని రాత్రింబగళ్లు కనిపెట్టి చూసే సెంటర్‌లో, షిఫ్టుల్లో ఉంటుంది, రాత్రంతా అలర్ట్‌లు చూడటం, సినిమాల్లో చూపించినట్టు ఏం ఉండదు, అది వాడికి ఇప్పుడే చెప్పండి.

ఆదివారం పని అయ్యాక రెండో కంప్యూటర్ నుంచి ఒక బిల్లు కొట్టి ప్రింట్ తీసి, తర్వాత దాన్ని క్యాన్సిల్ చేయండి. మీవాడు ప్లాన్ రాసిన కాగితం కూడా పారేయకండి, మళ్లీ బిల్లింగ్ ఆగితే ముందు అదే తీసి చూడాలి.