అవ్వ చదివిన వాక్యం పంచాంగంలో లేదు

ప్రశ్న: మాది కడప. ఇంట్లో నేను, మా ఆయన, పదేళ్ల పాప, మా అత్తమ్మ. సెలవుల్లో పాప ఒక ఆట నేర్చుకొచ్చింది. చేతికి దగ్గరగా ఉన్న పుస్తకం తీసుకుని, అనుకున్న పేజీ తెరిచి, ఐదో వాక్యం గట్టిగా చదవాలి. పుస్తకం పేరు చెప్పకూడదు, మిగతావాళ్లు కనుక్కోవాలి. రాత్రి అన్నాలయ్యాక ఆడేవాళ్లం. అత్తమ్మ ఎప్పుడూ పంచాంగమే తీసేది. ఆమె వాక్యాలకే అందరం ఎక్కువ నవ్వేవాళ్లం. ఒకరోజు ‘ఆ యేడు వానల్లేవు, గుమ్మిలో అడుగున కొర్రలు మాత్రం ఉండాయి’ అని చదివింది. పాప పంచాంగం లాక్కుని చూసి, ‘అట్ల లేదే అవ్వా, ఈడ కందాయ ఫలాలుండాయి’ అనేసింది. మా ఆయన పెద్దగా నవ్వాడు. అత్తమ్మ ‘పాలు తోడు పెట్టాల’ అంటూ లేచిపోయింది. మూడు వారాలైంది, ఆట దగ్గరికి రావడం లేదు. ఆమె ఐదో తరగతి దాకా చదువుకుంది. పోయిన దసరా వరకు పుస్తకం పట్టుకుని రోజూ సుందరకాండ పారాయణం చేసేది. ఇప్పుడు కళ్లు మూసుకుని నోటికొచ్చినంత చదివి లేస్తుంది. సూదిలో దారం కూడా పాపతోనే ఎక్కించుకుంటుంది. చదువు వచ్చి కూడా మమ్మల్ని ఎందుకు మభ్యపెట్టినట్టు? పాపతో క్షమాపణ చెప్పించాలా? ఆట మాన్పించాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కొర్రల దగ్గర ఆగిపోయాను. రెండోసారి సూది దగ్గర ఆగాను. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు మీరే రాశారు, రాసి దాటిపోయారు. నిన్నటిదాకా పుస్తకం చూసి చదివిన మనిషి ఇప్పుడు కళ్లు మూసుకుని చదువుతోంది. సూదిలో దారం ఎక్కడం లేదు. పంచాంగంలో అక్షరాలు ఎంత ఉంటాయో మీకు తెలుసు, చీమలు బారులు తీరినట్టు ఉంటాయి. మీ అత్తగారు మిమ్మల్ని మభ్యపెట్టలేదు. ఆమెకు ఆ పేజీ కనపడి ఉండదు.

నేను కంటి డాక్టరును కాను, ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పను. నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారమే కావచ్చు, అద్దాలతో సరిపోతుంది. శుక్లాలు కావచ్చు. శుక్లాలైతే చూపు మసకగా, పొగమంచులోంచి చూసినట్టు ఉంటుంది, ఎదురొచ్చే బండి లైటుకు కళ్లు చెదురుతాయి. ఆమెకు షుగరు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. షుగరు కంటి వెనక నరాల పొరను పాడుచేస్తుంది, మొదట్లో నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. అందుకే షుగరున్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి లోపలి పరీక్ష చేయించుకోవాలంటారు. రోడ్డు పక్క అమ్మే అద్దాలు పెట్టుకుని చూసి ‘ఇది బాగుంది’ అని కొనే పని మాత్రం చేయకండి. మీ ఊళ్లో సర్వజన ఆసుపత్రి ఉంది, అక్కడ కంటి విభాగం ఉంది. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. శుక్లాల ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. ఖర్చు భయంతో ఆమె నోరు విప్పడం లేదేమో, ఈ మాట ఏదో ఒక వంకన ఆమె చెవిన పడనీయండి.

ఎలా తీసుకెళ్లాలి? ‘మీకు కనపడటం లేదు కదా, పదండి’ అంటే కదలరు. ఆ రాత్రి జరిగిందంతా మళ్లీ తవ్వినట్టవుతుంది. ‘అత్తమ్మా, నేను కళ్లు చూపించుకోను పోతాండా, తోడు రాండి’ అనండి. ఇది అబద్ధం కానక్కర్లేదు. పదేళ్ల పాప ఉందంటే మీకూ చత్వారం వయసు మరీ దూరంలో లేదు, నిజంగానే చూపించుకోండి. ముందు మీరు కుర్చీలో కూర్చుని ఆ గోడ మీది అక్షరాలు చదవండి, తర్వాత ఆమె.

ఎందుకు దాచిందని మీ బాధ. నాకు తెలిసిన పెద్దవాళ్లలో సగం మంది ఇంతే. మోకాలు నొప్పి ఊరంతా చెప్తారు, చూపు తగ్గిందని మాత్రం చెప్పరు. చెబితే మరుసటి రోజు నుంచి పొయ్యి దగ్గరికి రానివ్వరని భయం. బియ్యం ఏరబోతే చాట లాక్కుంటామని భయం. మీ ఇంట్లో ఇప్పటికే అలా ఏమైనా మొదలైందా? ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక క్షమాపణ. పాపతో చెప్పించకండి. ఆ పిల్ల ఉన్నదే చెప్పింది, ఆటలో చూసి చెప్పడం తప్పేమీ కాదు. నలుగురిలో నిలబెట్టి ‘సారీ చెప్పు’ అంటే అవ్వకు ఇంకోసారి అవమానం. రాత్రి పక్కలో పడుకున్నప్పుడు ‘ఈసారి ఏదైనా కనిపెడితే అవ్వ చెవిలో చెప్పు’ అనండి, చాలు. వెళ్లాల్సింది మీ ఆయన. పెద్దగా నవ్వింది ఆయన. పదేళ్ల పిల్ల మాటకు కాదు, కన్నకొడుకు నవ్వుకే ఆమె పాలు తోడు పెట్టడానికి లేచిపోయింది. ఆయన సంజాయిషీలు ఏమీ చెప్పనక్కర్లేదు. వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, ‘ఏ యేడుమ్మా అది, వానల్లేని యేడు?’ అని అడిగితే చాలు.

ఆట మాన్పిస్తారా? పొరపాటున కూడా వద్దు. నాకు ఈ ఆట ఇష్టం. ఇందులో ఒక మంచి నియమం ఉంది, గొప్ప పుస్తకం కోసం వెతక్కూడదు, దగ్గర్లో ఏది ఉంటే అదే. అందుకే ఇంట్లో ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. మా ఇంట్లో ఆడితే నా చేతికి కుక్కరుతో వచ్చిన చిన్న పుస్తకం దొరికింది. ‘ఆవిరి పూర్తిగా పోయేవరకు మూత తెరవరాదు’ అని చదివాను. మా ఆయన నా ముఖం చూసి ఏమీ అనలేదు, ఆ రోజంతా ఏమీ అనలేదు.

ఆట కొంచెం మార్చండి. అవ్వ కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి వేలు పెడుతుంది, వేలి కింది వాక్యం పాప చదువుతుంది. ఇది కొత్తేమీ కాదు. కష్టమొస్తే సుందరకాండో భాగవతమో తెరిచి ఏ పద్యం వస్తుందో చూసుకోవడం మన పెద్దవాళ్లకు అలవాటే. ఇరాన్‌లో ఏడాదిలో అన్నిటికంటే పొడుగు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని హఫీజ్ కవితల పుస్తకం ఇలాగే తెరుస్తారు. మన ఊళ్లలో కూడా భారతం ఒకరు చదివితే అరుగు మీద పదిమంది వినేవారు. ఆ పదిమందిలో చదువు రానివాళ్లెవరో, చూపు ఆననివాళ్లెవరో ఎవరూ లెక్కపెట్టలేదు. మీ అత్తగారు అద్దాలు పెట్టుకున్నాక కూడా వేలు పెట్టే పని ఆమెకే ఉంచండి.

ఒకవేళ డాక్టరు చూసి కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారనుకోండి. అప్పుడు ఆమె మీ అందరికంటే బాగా ఆడుతోందని అర్థం. కందాయ ఫలాలు చదివితే ఎవరు నవ్వుతారు?

ఈ ఆటను 123వ పేజీ తీసి ఆడేవాళ్లు ఐదో వాక్యంతో ఆపరు, దాని తర్వాత వచ్చే మూడు వాక్యాలు కూడా చదువుతారు. మీ అత్తగారి దగ్గర ఆ మూడూ మిగిలే ఉన్నాయి. ఆ కొర్రలు ఎవరికి వండారో, గుమ్మి అడుగు ఎప్పుడు కనిపించిందో ఆమెకే తెలియాలి. మీ ఆయన అడిగాక ఆమె ఏం చెప్పిందో నాకు రాయండి.