బీఏ తెలుగు మాధ్యమంలో చదివాను. హైదరాబాద్‌లో ఎంఏ చరిత్రలో నెగ్గుకురాగలనా? ముందుగా ఏ పుస్తకాలు చదవాలి?

నేను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రైవేటు కళాశాలలో తెలుగు మాధ్యమంలోనే బీఏ చదివి, ఉస్మానియాలో ఎంఏ చరిత్ర చేశాను. మీ ప్రశ్న వెనుక ఉన్న భయం నాకు తెలుసు. నెగ్గుకొస్తారు. పుస్తకాల జాబితా మాత్రం ఇవ్వను. ఉస్మానియా లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. డిగ్రీ పాఠాలు శ్రద్ధగా చదివి ఉంటే దానికి వేరే పుస్తకాలు అక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, ఆ దారి వేరు.

అసలు కష్టం సీటు వచ్చాక మొదలవుతుంది. అందరూ దాన్ని ఇంగ్లీషు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, మొదటి సెమిస్టర్‌లో సెమినార్ పత్రం చదివే రోజు వరకు.

నిజాం కాలంలో తెలుగువారి సాంస్కృతిక చైతన్యం నా అంశం. డిగ్రీలో అలవాటైనట్టే గైడు ముందు పెట్టుకుని రాసేశాను. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోల్కొండ కవుల సంచిక తెచ్చారని, అందులో 354 మంది కవులున్నారని చదవగానే సార్ చెయ్యెత్తి ఆపారు.

"354 అని నీకెలా తెలుసమ్మా?"

"పుస్తకంలో ఉంది సార్."

"ఏ పుస్తకంలో?"

గైడు పేరు చెప్పాను.

"అది రాసినాయన లెక్కపెట్టాడా?"

నోట మాట రాలేదు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. వాళ్ల పత్రాల నిండా అలాంటి వాక్యాలే ఉన్నాయి మరి. సార్ కోప్పడలేదు. "సుల్తాన్‌బజార్ వెళ్లి సంచిక చూసి, లెక్కపెట్టుకుని రా" అన్నారు.

ఆయన చెప్పింది శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం గురించి. 1901లో పెట్టిన గ్రంథాలయం. బట్టలు కొనడానికి ఆ బజారుకు ఎన్నోసార్లు వెళ్లాను గానీ అలాంటిదొకటి అక్కడ ఉందని తెలియదు. సంచిక చేతికి వచ్చాక కాగితం మీద ఐదేసి గీతలు గీస్తూ లెక్క మొదలుపెట్టాను. గంట తిరక్కముందే లెక్క తప్పింది. పేర్ల దగ్గర ఆగకుండా పద్యాల్లోకి వెళ్లిపోయాను. ఊళ్ల పేర్లు చూస్తుంటే మా అమ్మమ్మ వాళ్ల వైపు ఊరొకటి కనిపించింది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు ఆ ఊరి మీదుగానే బస్సు వెళ్లేది. అక్కడ ఒక కవి ఉండేవాడని మాకెవరూ చెప్పలేదు. మూడు రోజులు వరుసగా వెళ్లాను. 354 వాక్యం కొట్టేసి, మా జిల్లా కవుల గురించి నేను చూసింది చూసినట్టు రెండు పేజీలు రాసుకెళ్లాను. సార్ ఈసారి చివరి దాకా విన్నారు.

డిగ్రీలో జవాబు తెలిస్తే మార్కులు పడతాయి. పీజీలో ఆ జవాబు ఎక్కడ పుట్టిందో కూడా చెప్పగలగాలి. ఈ అలవాటు ఏ మాధ్యమంలో చదివినవారికీ డిగ్రీలో నేర్పడం లేదు, నా కోపమంతా దాని మీదే. గ్రంథాలయాలకు వెళ్లి చూడండి, కుర్చీ దొరకదు, కానీ అందరి ముందూ ఉద్యోగ పరీక్షల పుస్తకాలే. వాళ్ల ఇంటి పరిస్థితులు నాకు తెలుసు, తప్పుపట్టను. కానీ చరిత్ర మీద ప్రేమ ఉన్న పిల్లలకు ఆ కుర్చీ అందకపోతే మాత్రం కడుపు మండుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. టీసీ, మెమోలు ఇప్పుడే చేతికి తెచ్చుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మా డిగ్రీ కళాశాల నా సర్టిఫికెట్లు ఆపింది. నాన్న వడ్డీకి తెచ్చి కట్టారు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కళాశాలలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అప్పట్లో ఆ సంగతి మాకు తెలియదు. మీరు తెలుసుకుని అడగండి.

మాధ్యమం గురించి బెంగ వద్దు. ఉస్మానియా 1918లో మొదలైనప్పుడు బోధన ఉర్దూలో సాగింది. పాఠ్యపుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద సంస్థ పెట్టారు, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. తెలుగు పిల్లలకు అది సొంత భాష కాదు, నిజమే. అయినా దేశభాషలో పెద్ద చదువు సాగించిన ఆ ప్రాంగణంలో, తెలుగులో చదివానని నేను మొదటి రెండు నెలలు తల దించుకుని తిరగడం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా తరగతిలో నగరంలోనే పెరిగి మొదటినుంచీ ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన అమ్మాయి ఉండేది. పాత తెలుగు అచ్చు ఆమెకు కూడబలుక్కుంటే తప్ప అర్థమయ్యేది కాదు. సంచిక సంగతి విని, నాతో సుల్తాన్‌బజార్ వస్తానంది. అప్పటినుంచి ఆమెకు నేను పాత పత్రికలు చదివి వినిపించేదాన్ని, నా పత్రాల్లో ఇంగ్లీషు ఆమె దిద్దేది. రెండేళ్లూ అలాగే చదువుకున్నాం.