పగడాలు తెల్లబడుతుంటే ముందు ఉప్పు చూడు

తమ్ముడూ, మే ఎండలకు ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియం తొట్టిలో పగడాలు తెల్లబడుతున్నాయనీ, తగ్గిన నీటికి రోజూ ఉప్పునీళ్లే పోస్తున్నాననీ రాశావు కదా, తప్పు అక్కడే. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పంతా తొట్టిలోనే మిగులుతుంది. ఆర్‌వో ఫిల్టరు నీళ్లు పోస్తూ ఉండు. మన హైదరాబాద్ బోరు నీళ్లు మాత్రం వద్దు. రిఫ్రాక్టోమీటర్ (నీటిలో ఉప్పును కొలిచే పరికరం) 1.026 దాటి చూపిస్తే ఉప్పు ఎక్కువైనట్టే, ఒక్కరోజులో దించేయకు, నాలుగైదు రోజులు పట్టనీ.

ఇక వేడి. నీళ్లు 30 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే ఉంటే పగడం తనలోని నాచును బయటికి తోసేస్తుంది, రంగు పోయేది అందుకే. చచ్చిపోయిందని పారేయకు, మా తొట్టిలో తెల్లబడిన ఒక పగడం రెండు నెలలకు మళ్లీ గోధుమరంగు తిరిగింది. నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, ధర వింటే గుండె జారుతుంది; నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పు, రెండు డిగ్రీలైనా తగ్గుతుంది. కాకపోతే నీళ్లు ఇంకా త్వరగా తగ్గుతాయి, గమనిస్తూ ఉండు. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.