సెన్సర్ మార్చినా జర్కు పోలేదా?

ప్రశ్న: అన్నా, మాది 2007 మోడల్ పెట్రోల్ కారు. ఐడిల్‌లో బాగానే ఉంటుంది. రెండున్నర వేల ఆర్‌పీఎం దాటి ఎక్సలేటర్ తొక్కితే జర్కులు కొడుతుంది, ఆర్‌పీఎం ముల్లు ఎగిరెగిరి పడుతుంది. స్కానర్ పెడితే పీ0336 కోడ్ వచ్చింది. క్రాంక్ సెన్సర్ కొత్తది వేసినా మార్పు లేదు. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పోయింది, సెకండ్ హ్యాండ్‌ది పద్దెనిమిది వేలు అవుతుంది అంటున్నారు. అంతకుముందు చేయించింది ఒక్క సర్వీసింగే. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు మార్చారు. ఏం చేయమంటారు?
– నర్సంపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ పద్దెనిమిది వేలు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకోండి. అసలు విషయం మీరు ఉత్తరం చివర్లో రాశారు. ప్లగ్గులు, వైర్లు మార్చాకే ఈ గొడవ మొదలైంది. హనుమకొండలో మా షెడ్డుకు 'ఈసీఎం పోయింది' అనే మాటతో వచ్చే బండ్లు చాలా. వాటిలో నిజంగా ఈసీఎం పోయినవి బహు తక్కువ.

ఆ కోడ్ చెప్పేది క్రాంక్ సెన్సర్ నుంచి, అంటే ఇంజిన్ ఇరుసు తిరగడాన్ని కనిపెట్టే సెన్సర్ నుంచి, వచ్చే సిగ్నల్ సరిగా లేదని. సెన్సర్ చెడిపోయిందని కాదు. చాలా బండ్లలో క్రాంక్ చక్రానికి 60 పళ్ల చోటు ఉండి, రెండు పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. ఆ ఖాళీని చూసి ఈసీఎం పిస్టన్ ఎక్కడుందో లెక్క వేసుకుంటుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 2,900 పల్సులు వస్తాయి. అదే సెకనులో నాలుగు సిలిండర్లకు కలిపి కనీసం 100 స్పార్కులు పడతాయి, ఒక్కోటి పది వేల నుంచి ముప్పై వేల వోల్టుల దాకా. మార్కోనీ 1901లో అట్లాంటిక్ దాటించిన వైర్‌లెస్ సంకేతం పుట్టింది కూడా స్పార్క్ నుంచే. మీ బానెట్ కింద అలాంటి ట్రాన్స్‌మిటర్లు నాలుగున్నాయనుకోండి. వాటి దెబ్బకు సెన్సర్ వైరులో ఒక దొంగ పల్సు పుడితే ఈసీఎం లెక్క తప్పుతుంది, మళ్లీ ఖాళీ దొరికేదాకా స్పార్కో పెట్రోలో ఆపుతుంది. మీకు తగిలే జర్కు అదే. ఐడిల్‌లో రాకపోవడానికి కారణం కూడా ఉంది. లోడ్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, స్పార్క్ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి, స్పార్క్ నుంచి పుట్టే ఈ రేడియో గోల కూడా అంతకంత ఎక్కువవుతుంది.

దీన్ని అణచడానికే ప్లగ్గు లోపల సుమారు 5 కిలో ఓముల రెసిస్టర్ పెడతారు, వైర్లలో కార్బన్ కోర్ వాడతారు. చాలా కంపెనీల ప్లగ్గు నంబరులో ఆర్ అక్షరం దాని గుర్తే, కానీ అందరూ ఒకే పద్ధతి పాటించరు. మీటరు పెట్టడమే నయం. ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి, మల్టీమీటర్ ఒక మొన పైటోపీ మీద, ఇంకోటి కింద నడిమి మొన మీద పెట్టండి. సున్నా చూపిస్తే అది మీ బండి ప్లగ్గు కాదు. వైర్లూ అంతే. పొడవును బట్టి కొన్ని కిలో ఓములు రావాలి. సున్నాకు దగ్గరగా ఉంటే లోపల ఉన్నది రాగి తీగ. దుకాణాల్లో 'రేసింగ్ వైర్లు, పికప్ పెరుగుతుంది' అని అంటగడతారు. పెరిగేది రేడియోలో చప్పుడు. అసలేమీ చూపించకపోతే లోపల తెగిందన్నమాట. అప్పుడు స్పార్క్ వైరు లోపలే దూకుతూ గోల ఇంకా పెంచుతుంది.

అవి సరిగానే ఉంటే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో తీసుకోండి. ఎఫ్‌ఎం ఈ పనికి రాదు, మీడియం వేవ్ కావాలి. హైదరాబాద్ ఆకాశవాణి వచ్చే 738 కిలోహెర్ట్జ్ నుంచి పక్కకు జరిపి, ఏ స్టేషనూ లేని చోట పెట్టి బానెట్ చుట్టూ తిప్పండి. టకటకమని ఇంజిన్‌తో పాటు వేగం పెరిగితే ప్లగ్గుల వైపు చూడాలి. కూతలాగా సన్నగా పైకి లేస్తే డైనమో. ఆర్‌పీఎంతో సంబంధం లేకుండా ఒకే తీరుగా బుర్రుమంటే చౌక ఎల్‌ఈడీ హెడ్‌లైటో, ఫోన్ చార్జరో, పెట్రోల్ పంపో. ఒక్కొక్కటే పీకి చూస్తే దొంగ దొరుకుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లను మాత్రం చేత్తో ముట్టుకోవద్దు.

తర్వాత ఎర్త్. బ్యాటరీ నెగటివ్ మొన మీద ఒక ప్రోబ్, ఇంజిన్ బ్లాకు మీద ఇంకోటి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ వైరు విప్పి, ఎమెరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాలి. డెంటింగ్, పెయింటింగ్ నుంచి వచ్చిన బండ్లలో ఇది మరీ చూడాలి. ఎర్త్ పాయింటు మీద కూడా రంగు కొట్టి, దాని మీదే బోల్టు బిగిస్తారు మనవాళ్లు. రంగు తళతళలాడుతుంది, కరెంటు మాత్రం దారి వెతుక్కుంటుంది.

ఇక సెన్సర్ వైరు. ఈ మధ్య పరకాల వైపు నుంచి అచ్చం మీలాంటి కేసే వచ్చింది. వడ్ల బస్తాల పక్కన ఆగి ఉండే బండి, ఎలుక వైరు కొరికింది. ఎవరో రెండు సిగ్నల్ వైర్లను మెలిపెట్టి టేపు చుట్టారు, బండి స్టార్ట్ అయింది, పంపించేశారు. నేను టేపు విప్పితే జిగురు నల్లగా కారి ఉంది. కింద రెండు జాయింట్లు ఒకదాని పక్కన ఒకటి, వాటి చుట్టూ ఉండాల్సిన వెండిరేకు షీల్డు చిరిగి వెనక్కి మడిచి ఉంది, దాని లోపలి సన్నటి తీగ పచ్చగా చిలుము పట్టి గాలిలో వేలాడుతోంది. షీల్డు తెగితే వైరుకు కాపలా లేనట్టే. రెండు జాయింట్లూ ఒకే చోట పడకుండా వెనకా ముందూ కోసి, సాల్డరింగ్ చేసి, స్లీవ్ వేసి, రేకు మళ్లీ చుట్టి, ఆ తీగను కూడా సాల్డరింగ్ చేశాను. పైన ఇంకో స్లీవ్. షీల్డును ఈసీఎం వైపు ఒక్క చివరే ఎర్త్ చేయాలి. 'రెండు చివర్లా చేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా' అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఇంజిన్ ఎర్త్‌కూ ఈసీఎం ఎర్త్‌కూ మధ్య కొద్దిపాటి తేడా ఎప్పుడూ ఉంటుంది, అప్పుడు షీల్డులోనే కరెంటు పారి గోల లోపలికి తెస్తుంది.

మీ బండిలో ఇంకోటి కూడా చూడండి. సర్వీసింగ్ కుర్రాడు నీటుగా కనబడాలని సెన్సర్ వైరును ప్లగ్గు వైర్లతో కలిపి ట్యాగ్ వేసి కట్టి ఉంటే కోసేయండి. రెండిటి మధ్య ఒక జానెడు ఎడం చాలు. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి, పక్కపక్కన నడిపించకూడదు.

ప్రశ్న: ఎక్సలేటర్ తొక్కే కొద్దీ స్పీకర్లలో కూత పెరుగుతోంది. డైనమో మార్చాలా? బ్యాటరీ వైరు పీకి చూస్తే తెలుస్తుందన్నారు.
– కరీంనగర్ నుంచి

జవాబు: ఆ పీకే పని పొరపాటున కూడా చేయకండి. పాత బండ్లలో నడిచిన అలవాటు అది. చార్జింగ్ మధ్యలో బ్యాటరీ తీసేస్తే డైనమో వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులు ఎగబాకుతుంది, అప్పుడు ఈసీఎం నిజంగానే పోవచ్చు.

మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, బ్యాటరీ దగ్గర, హెడ్‌లైట్లు వేసి 2,000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. అర వోల్టు దాటితే డైనమో లోపల డయోడ్ అనుమానించాలి. కొన్ని చౌక మీటర్లు ఏసీలో పెట్టినా డీసీని కూడా కలిపి తప్పుడు అంకె చూపిస్తాయి. ఒక ప్రోబ్‌కు వరసలో 1 మైక్రోఫారడ్ నాన్ పోలార్ కండెన్సర్ పెడితే ఆ బాధ ఉండదు. ఏసీ రీడింగ్ బాగానే ఉంటే, ఆంప్లిఫయర్‌కు వెళ్లే ఆడియో వైరు పీకండి. కూత ఆగిపోతే స్టీరియోకు, ఆంప్లిఫయర్‌కు ఎర్త్ వేర్వేరు చోట్ల ఇచ్చారని అర్థం. రెండిటినీ ఒకే చోటికి తెప్పించండి, డైనమో జోలికి పోవద్దు.

ప్రశ్న: రోజూ కాజీపేట దగ్గర రైల్వే కరెంటు తీగల కిందుగా వెళ్తాను. అక్కడి 25,000 వోల్టుల వల్లే నా బండి మిస్సింగ్ కొడుతోందా?
– కాజీపేట నుంచి

జవాబు: కాదు. మీ బండి వైరింగ్ మీదే అనుమానం పెట్టుకోండి. అక్కడ మీ పక్కనే వేల బండ్లు ఏ మిస్సింగూ లేకుండా పోతున్నాయి.

ప్రశ్న: రేడియేటర్ ఫ్యాన్‌కు బయట నుంచి రిలే పెట్టించాను. ఫ్యాన్ ఆగిన ప్రతిసారీ ఇంజిన్ ఒక్క క్షణం తడబడుతోంది.
– జనగామ నుంచి

జవాబు: రిలే కాయిల్‌కు కరెంటు ఆగిన క్షణంలో వందల వోల్టుల ఎదురు దెబ్బ పుడుతుంది. 1ఎన్4007 డయోడ్ ఒకటి కాయిల్ రెండు పిన్నులకు అడ్డంగా వేయించండి. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రెండు మూడు రూపాయలకు దొరుకుతుంది. వెండి గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండాలి. తిప్పి వేస్తే ఫ్యూజు ఎగురుతుంది.