స్విచ్‌లోకి ఫైళ్లు కాపీ చేయడానికి కూడా జీతం ఇస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోర్సు) నేర్చుకుంటున్నాడు. పండక్కి ఇంటికొస్తే చూశాను, నల్ల స్క్రీన్ మీద ఏదో టైప్ చేస్తూ స్విచ్‌లోకి ఫైళ్లు కాపీ చేస్తున్నాడు. ఇదీ ఒక ఉద్యోగమేనా? మా తోడల్లుడి కొడుకు సైబర్ సెక్యూరిటీలో చేరాడు. మావాణ్ణీ అందులోకి మార్చమంటారా? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సార్, ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది, కోర్సు పేరూ చుట్టరికమూ మారతాయంతే. మీ టెన్షన్ స్విచ్ గురించి కాదు. రేపు తోడల్లుడి ఇంట్లో ఫంక్షన్‌కి వెళ్తే మావాడు ఫలానా అని చెప్పుకోవడానికి గట్టి పేరు లేదే అన్నది మీ బాధ.

ముందు ఆ నల్ల స్క్రీన్ సంగతి. ఆఫీసులోనో ఆసుపత్రిలోనో కంప్యూటర్లన్నీ వెళ్లి కలిసేది స్విచ్‌లోనే. దానిలో చేసిన మార్పులు ర్యామ్‌లో, రన్నింగ్-కాన్ఫిగ్‌లో ఉంటాయి (కాన్ఫిగ్ అంటే సెట్టింగుల ఫైలు), స్టార్టప్-కాన్ఫిగ్ అనే శాశ్వత ఫైలులోకి కాపీ చేయకపోతే కరెంటు పోయి వచ్చేసరికి ఏమీ మిగలవు. అదే ఫైలు ఇంకో కాపీ బయట సర్వర్‌లో కూడా ఉండాలి, స్విచ్ కాలిపోయిన రోజు కొత్తదానిలోకి ఎక్కించడానికి. స్విచ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఫైలు (ఇమేజ్) మార్చాలంటే దాని స్టోరేజీ అయిన ఫ్లాష్‌లో చోటుందా, కాపీ అయ్యాక ఫైలు చెడలేదని చెప్పే ఎండీ5 సంఖ్య సరిపోయిందా చూసుకోవాలి. ఇవేవీ చూడకుండా, సగంలో తెగిన ఫైలుతో రీలోడ్ కొడితే స్విచ్ లేవకపోవచ్చు, అర్ధరాత్రి ఎవరో ఒకరు స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని అక్కడికి పరిగెత్తాలి. ఇంకో మెలిక, సిస్కోలో పాత కాన్ఫిగ్‌ని టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపే సాదా పద్ధతి) నుంచి రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేస్తే ఉన్నది పోయి ఇది రాదు, రెండూ కలిసిపోతాయి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇక సైబర్ సెక్యూరిటీ. నాకు ఆ రంగం మీద అనుమానం లేదు, కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదే ఉంది. మూడు నెలల్లో ఎథికల్ హ్యాకర్ అంటారు, టూల్ ఓపెన్ చేసి బటన్ నొక్కడం నేర్పుతారు, తీరా ఇంటర్వ్యూలో వీలాన్ (ఒకే స్విచ్‌ని వేర్వేరు నెట్‌వర్కులుగా విడగొట్టడం) అంటే ఏంటి, ఈ పోర్టు ఎందుకు తెరిచి ఉంది అని అడిగితే పిల్లలు నోరు తెరవరు. మీవాడు చేస్తున్న పనే తీసుకోండి. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డే ఉండదు, ఫైలంతా బాహాటంగా వెళ్తుంది. కాన్ఫిగ్ ఫైలులో యూజర్ల వివరాలు, ఎస్ఎన్ఎంపీ స్ట్రింగులు (పరికరాల్ని దూరం నుంచి గమనించడానికి వాడే పాస్‌వర్డుల్లాంటివి) ఉంటాయి. అందుకే ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ మీద నడిచే కాపీ పద్ధతి ఎస్‌సీపీ వాడమంటారు. 2022లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ (ఎస్‌ఎస్‌హెచ్ నడిపే సాఫ్ట్‌వేర్) 9.0 నుంచి ఆ ఎస్‌సీపీ కమాండ్ కూడా లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతితో పనిచేస్తోంది, పాత స్విచ్‌లు దాన్ని ఒప్పుకోక కాపీ ఫెయిలవుతుంది, ‘మైనస్ క్యాపిటల్ ఓ’ పెట్టి పాత పద్ధతికి మళ్లించాలి. ఇది సెక్యూరిటీ కాకపోతే మరేంటి సార్?

కష్టమూ చెబుతాను. మొదటి ఉద్యోగం బహుశా ఎన్ఓసీలో (నెట్‌వర్క్‌ని రాత్రింబవళ్లు కనిపెట్టుకునే కేంద్రం), నైట్ షిఫ్టులతో, మీరు నలుగురికీ చెప్పుకునే జీతం కాదు. ఒక్కో స్విచ్‌లోకి లాగినై చేత్తో కాపీ చేసే పని తగ్గిపోతోంది, వందల స్విచ్‌ల బ్యాకప్ ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ టూల్‌తోనో పైథాన్ స్క్రిప్టుతోనో ఒకేసారి తీస్తున్నారు. 2020లో మార్చిన సీసీఎన్ఏ సిలబస్‌లోనే ఆటోమేషన్ పెట్టారు. కాబట్టి ఇది ముగిశాక పైథాన్, స్విచ్‌లతో మాట్లాడే దాని లైబ్రరీ నెట్‌మికో పట్టుకోవాలి. సెక్యూరిటీ ఆ తర్వాత, ఇష్టముంటే.

కొంచెం కటువుగానే అంటున్నాను, ఏమనుకోకండి. వాడి వెనక నిలబడి స్క్రీన్ చూశారు, ఏం చేస్తున్నావురా అని వాణ్ణి అడిగారా? అడగకుండా నాకు రాశారు. ఫీజు కట్టి సగంలో ఉన్న కోర్సు మాన్పించి ఇంకోదాంట్లో పడేస్తే, రేపు తోడల్లుడి కొడుకు ఏఐకి మారితే మళ్లీ మారుస్తారా? పిల్లాడు పండగ సెలవుల్లో కూడా ల్యాబ్ చేస్తున్నాడంటే భయపడాల్సిందేమీ లేదు. కోర్సు పూర్తి కానివ్వండి. ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచాలి అంటే మాత్రం కాదనకండి, నెట్‌వర్క్‌ని ల్యాప్‌టాప్‌లోనే అనుకరించే జీఎన్ఎస్3లో నాలుగైదు డివైజులు నడపాలంటే 16 జీబీ ఉంటే హాయి.